కుక్క గుర్రుమంటే కొట్టకండి, ముందు ఎందుకో కనుక్కోండి: పెంపుడు కుక్కల్లో భయం, కోపం, కాటు గురించి స్టెప్ బై స్టెప్

మా కుక్క కాఫీ గాడు మా బావమరిదిని కరిచింది ఒక ఆదివారం మధ్యాహ్నం. మటన్ వాసనకి వంటింటి గుమ్మంలో పడుకుని ఉన్నాడు, మా బావమరిది సరదాగా వంగి రెండు చేతులతో వాడి బుగ్గలు పట్టుకుని చెవుల వెనక గట్టిగా నిమిరాడు, అంతే, బొటనవేలు పక్కన రెండు గాట్లు పడ్డాయి. "బావా, ఏం చెయ్యకుండానే కరిచేశాడు బావా" అన్నాడు. ఇంట్లో అందరం అదే మాట, ఒక్క ముక్క అనలేదు, గుర్రు కూడా అనలేదు, సడన్‌గా పట్టేశాడు అని.

రాత్రి మా పాప ఫోన్‌లో వీడియో చూపించింది, అదృష్టం కొద్దీ అప్పుడే ఏదో రీల్ తీస్తోంది. మామయ్య చేతులు ఇంకా దగ్గరికి రాకముందే కాఫీ గాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నాలుకతో ముక్కు తడుపుకున్నాడు. కళ్లలో తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూశాడు. చెవులు వెనక్కి పోయాయి, అప్పటిదాకా కొంచెం తెరిచి ఉన్న నోరు మూసుకుంది, ఒళ్లంతా కర్రలా బిగుసుకుంది. ఆ తర్వాత కరిచాడు. ఏడు సెకన్లు. ఏడు సెకన్ల పాటు వాడు వద్దు బాబోయ్ అని చెప్తూనే ఉన్నాడు, గదిలో ఆరుగురం ఉన్నాం, ఒక్కరికీ అర్థం కాలా.

ఆ రోజు నుంచి దీని మీద చదివింది, డాక్టర్లని అడిగి తెలుసుకున్నది, ఒక మంచి ట్రైనర్ దగ్గర నేర్చుకున్నది, అంతకుముందు ఒక చెత్త ట్రైనర్ దగ్గర పోగొట్టుకున్నది, అన్నీ కలిపి ఇక్కడ పెడుతున్నా. నేను డాక్టర్‌ని కాదు, పదేళ్లుగా కుక్కలతో బతుకుతున్న మనిషిని, అంతే. ఒకటి మాత్రం గట్టిగా చెప్తా, ఇంట్లో పెరిగే కుక్క కోపం చూపించిందంటే చాలా కేసుల్లో దాని వెనక ఉండేది పొగరు కాదు, భయమో నొప్పో ఉంటుంది. ఏంటో కనిపెట్టకుండా కోపాన్ని ఆపేద్దామని చూస్తే మా ఇంట్లో జరిగినట్టే జరుగుతుంది.

స్టెప్ 1: ట్రైనర్‌కి ఫోన్ చేసే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి

మర్నాడు వెటర్నరీ డాక్టర్ గారు కాఫీ గాడి చెవిలో లైట్ వేసి చూసి "ఇదిగో మీ కోపం ఇక్కడుంది" అన్నారు. లోపల ఎర్రగా వాచి నల్లగా గసి, వాసన. చెవి ఇన్‌ఫెక్షన్, వాన కాలంలో చాలా కామన్ అట. మా బావమరిది ప్రేమగా నిమిరింది సరిగ్గా అక్కడే.

అందుకే నిన్నటిదాకా బానే ఉన్న కుక్క ఉన్నట్టుండి మారితే మొదట అనుమానించాల్సింది ఒంటినే. చెవులు, పళ్లు, చిగుళ్లు, పాదాల కింద పగుళ్లు, ఇవన్నీ ఇంట్లో కూడా మెల్లగా చూసుకోవచ్చు (కుక్క ఊరుకుంటేనే, బలవంతంగా కాదు). లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం అనే సమస్య ఎక్కువ, పిల్లప్పుడు గెంతులేసిన కుక్క రెండేళ్లకి మెట్లు ఎక్కడానికి ఆలోచిస్తుంది, వెనక కాళ్ల మీద ఎవరైనా చెయ్యేస్తే గుర్రుమంటుంది. రాజమండ్రిలో మా పెద్ద మావయ్య వాళ్ల లాబ్ అలాగే, "వయసొచ్చి చిరాకు పెరిగింది" అని సంవత్సరం పాటు అనుకున్నారు, ఎక్స్‌రే తీస్తే కీళ్లు అరిగిపోయి ఉన్నాయి, నొప్పికి మందులు మొదలెట్టిన మూడు వారాలకి మళ్లీ మనవళ్లతో ఆడటం మొదలెట్టింది. థైరాయిడ్ తగ్గడం, చూపు మందగించడం, చెవుడు, ముసలి కుక్కల్లో మతిమరుపు, పిడుదుల (మా వైపు గోమార్లు అంటాం) వల్ల వచ్చే జ్వరం, వీటిల్లో ఏదైనా కుక్కని చిటపటలాడేలా చెయ్యగలదు. చెవుడు వచ్చిన కుక్కని నిద్రలో వెనక నుంచి తాకితే కరవచ్చు, దానికి మీరు వస్తున్నట్టే తెలీదు మరి.

ఇంకో మాట, నొప్పి అనిపించింది కదా అని ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వెయ్యకండి. మనుషుల నొప్పి మాత్రలు కుక్కల ప్రాణం తీస్తాయి. మామూలు క్లినిక్‌లో తేలకపోతే వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు ఉన్నాయి, హైదరాబాద్ వాళ్లకి రాజేంద్రనగర్, కృష్ణా జిల్లా వైపు గన్నవరం, రాయలసీమ వాళ్లకి తిరుపతి.

వ్యాక్సిన్ లేని కుక్క హఠాత్తుగా మారిపోయి, చొంగ కారుస్తూ, గొంతు మారి, నీళ్లు మింగలేకపోతుంటే మాత్రం గొంతులో ఎముక ఇరుక్కుందేమో అని నోట్లో చెయ్యి పెట్టకండి. రేబిస్ అయ్యుండొచ్చు. గదిలో పెట్టి తలుపేసి డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

స్టెప్ 2: వాడి చిన్నతనం ఒకసారి గుర్తు చేసుకోండి

ఒంట్లో ఏం లేదని తేలాక (లేదా ఉన్నది తగ్గుతున్నా ప్రవర్తన మారకపోతే) చూడాల్సింది దాని బాల్యం. కుక్కపిల్లకి దాదాపు 3వ వారం నుంచి 12-14 వారాల దాకా ఒక కిటికీ తెరిచి ఉంటుంది. ఆ టైంలో చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు, తొక్కిన నేల, ఇవన్నీ "మామూలే" అనే లిస్టులోకి పోతాయి. ఆ తర్వాత మొదటిసారి కనిపించేదల్లా "ఇదేంట్రా బాబూ" లిస్టులోకి పోతుంది. ఇది ఊహ కాదు, అమెరికాలోని బార్ హార్బర్ అనే ఊళ్లో ఒక లేబొరేటరీ వాళ్లు కుక్కపిల్లల్ని ఎత్తైన కంచె వేసిన పొలంలో మనిషి మొహం కనపడకుండా పెంచి, కొన్నిటిని మధ్యలో వేరు వేరు వయసుల్లో ఒక్కో వారం పాటు మనుషుల మధ్య ఉంచి చూశారు. 1961లో ఆ ఫలితాలు వచ్చాయి. 14 వారాల దాకా మనిషి పరిచయమే లేని పిల్లలు అడవి జంతువుల్లా తయారయ్యాయి, తర్వాత ఎంత బుజ్జగించినా పూర్తిగా మామూలు కాలేదు.

ఇప్పుడు మన దగ్గర ఏం జరుగుతుందో చూడండి. 30-35 రోజుల పిల్లని తల్లి నుంచి లాగేసి అట్టపెట్టెలో పెట్టి అమ్మేస్తారు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో తెచ్చిన రూల్స్ ప్రకారం 8 వారాల లోపు పిల్లని అమ్మకూడదు, ఎవడు పట్టించుకుంటున్నాడు. తల్లి, తోబుట్టువుల దగ్గర ఉంటేనే ఎంత గట్టిగా కొరికితే అవతలివాడు కుయ్యిమంటాడో నేర్చుకుంటుంది, అది పోయింది. ఇంటికొచ్చాక పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) భయంతో వ్యాక్సిన్లు అన్నీ అయ్యేదాకా అంటే దాదాపు నాలుగు నెలలు గడప దాటనివ్వం. పార్వో భయం నిజమే, వీధి కుక్కలు తిరిగే మట్టిలో పిల్లని దింపకూడదు, కానీ ఎత్తుకుని తిప్పడానికి ఏం అడ్డం? మొదటి డోసు పడి వారం పది రోజులయ్యాక చంకలో పెట్టుకుని కూరగాయల బండి దాకా వెళ్లండి, ఆటో చప్పుడు, బడి పిల్లలు, గడ్డం తాతయ్యలు, గొడుగు, హెల్మెట్, కుక్కర్ విజిల్, అన్నీ దూరం నుంచి చూపించండి, ఒక్కోదానికి ఒక చిన్న తిండి ముక్క.

మా కాఫీ గాడు 2020 లాక్‌డౌన్‌లో దొరికాడు, నెల పిల్ల, తల్లి బండి కింద పడి పోయింది. వాడి కిటికీ తెరిచి ఉన్న రోజుల్లో వాడు చూసింది మేం ముగ్గురం, పాలబ్బాయి మాస్కు. అంతే. వాడికి హెల్మెట్ మనిషంటే ఎందుకంత భయమో నాకు రెండేళ్ల తర్వాత అర్థమైంది.

బాల్యం ఒక్కటే కాదు లెండి. భయస్థురాలైన తల్లికి పుట్టిన పిల్లల్లో భయం ఎక్కువ ఉండే ఛాన్స్ ఉంది. ఆరో నెల నుంచి ఏడాది దాటేదాకా టీనేజ్‌లో కూడా ఒక పిరికి దశ వచ్చిపోతుంది, నిన్నటిదాకా పట్టించుకోని చెత్తబుట్టని చూసి ఇవాళ మొరుగుతుంది. ఆ దశలో ఒక్క చేదు అనుభవం చాలు, గట్టిగా నాటుకుంటుంది.

స్టెప్ 3: వాడి భాష నేర్చుకోండి

"మొరిగే కుక్క కరవదు" అని మనకో సామెత ఉంది కదా, దయచేసి మర్చిపోండి. మొరిగే కుక్కా కరుస్తుంది. ఇంకా చెప్పాలంటే మొరిగే కుక్క నయం, ముందే చెప్పి కరుస్తుంది, చెప్పడం మానేసిన కుక్కతోనే ప్రమాదం.

కుక్క భయాన్ని మెట్లు మెట్లుగా చూపిస్తుంది. కింది మెట్టు మీద ఆవలింత (నిద్ర టైం కాకపోయినా), ముక్కు నాకడం, కళ్లు చికిలించడం, మొహం తిప్పుకోవడం. మనం చూడకపోతే పక్క మెట్టు, ఒళ్లంతా పక్కకి తిప్పుకుని లేచి వెళ్లిపోవడం, ముందు కాలు ఎత్తి పట్టుకోవడం, ఒంగి తోక కాళ్ల సందులో పెట్టుకోవడం, ఒక్కోసారి వెల్లకిలా పడిపోవడం. ఈ చివరిది చూసి "అబ్బా కడుపు నిమరమంటున్నాడు" అనుకుంటారు, ఒళ్లు వదులుగా మెలికలు తిరుగుతుంటే నిజంగా అదే, బిగుసుకుని మూతి గట్టిగా మూసుకుని ఉంటే మాత్రం "నన్నొదిలెయ్" అని. అది కూడా పని చేయకపోతే పై మెట్లు, కదలకుండా గడ్డకట్టినట్టు నిలబడటం, రెప్ప వెయ్యకుండా చూడటం, గుర్రు, పళ్లు చూపించడం, గాల్లో కొరకడం, ఆఖరికి కాటు.

తోక ఊపుతోంది కదా అని చెయ్యి పెట్టేవాళ్లు ఇంకో బ్యాచ్. తోకతో పాటు నడుం కూడా ఊగుతూ ఒళ్లంతా వదులుగా ఉంటే సంతోషం. తోక జెండా కర్రలా నిటారుగా లేచి చివర మాత్రమే టకటకా కొట్టుకుంటుంటే అది సంతోషం కాదు, ఉద్రేకం. వీపు మీద బొచ్చు నిక్కబొడుచుకోవడం కూడా అంతే, మనకి రోమాలు లేచినట్టు, కోపమే కానక్కర్లేదు.

ఇంట్లో ఎవరైనా కుక్కతో ఆడుతున్నప్పుడు ఒక రెండు నిమిషాల వీడియో తీసి రాత్రి స్లోగా చూడండి. నాలాగే తల పట్టుకుంటారు.

స్టెప్ 4: రెండు వారాలు డైరీ రాయండి

మా పాప పాత నోట్‌బుక్ ఒకటి తీసుకున్నా. ప్రతి గొడవకి నాలుగు ముక్కలు రాయడమే, ఎప్పుడు, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది, మేం ఏం చేశాం. ఒక పేజీ ఇలా ఉంది: "సాయంత్రం 7.40, లిఫ్ట్ ముందు, తలుపు తెరుచుకోగానే హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, అడుగున్నర దూరం, లీష్ టైట్‌గా పట్టుకున్నా, మీద పడబోయాడు. పొద్దున చెవి మందు వేశాం, మధ్యాహ్నం పై ఫ్లాట్‌లో డ్రిల్లింగ్."

ఆ చివరి వాక్యం మొదట్లో రాసేవాణ్ణి కాదు, కానీ అసలు గుట్టు అక్కడే ఉంది. చెవి మందు ఒక చిరాకు, డ్రిల్లింగ్ ఇంకోటి, హెల్మెట్ మూడోది. ఒక్కోటీ విడిగా వస్తే తట్టుకునేవాడే, బిందెలో చుక్క చుక్క పడుతూ ఆఖరి చుక్కకి పొంగింది. ఒకసారి బాగా భయపడిన కుక్క ఒంట్లోంచి ఆ టెన్షన్ దిగడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి ఒకట్రెండు రోజులు కూడా. అందుకే "నిన్న ఇదే మనిషిని ఏమీ అనలేదు, ఇవాళేమైంది" అనే ప్రశ్నకి జవాబు చాలాసార్లు ఆ మనిషిలో ఉండదు, ఆ రోజులో ఉంటుంది.

డైరీ రెండు వారాలు నిండితే మీ కుక్కది ఏ రకమో బయటపడుతుంది. కొత్త మనుషులంటే భయమా, తిన్నప్పుడు దగ్గరికొస్తేనే గొడవా, కేవలం గేటు దగ్గరా, కేవలం లీష్ మీద ఉన్నప్పుడా. ఈ లీష్ సంగతి చాలా మందికి వింతగా ఉంటుంది, పార్కులో వదిలితే వేరే కుక్కలతో ఆడేవాడు రోడ్డు మీద మాత్రం రాక్షసుడైపోతాడు. భయపడ్డ జంతువుకి ఉన్న దారులు మూడే, పారిపోవడం, బిగుసుకుపోవడం, తిరగబడటం. మెడకి తాడు కట్టాక పారిపోయే దారి మూసేశాం, ఇక మిగిలింది ఏంటి? రోజంతా గొలుసుతో కట్టేసే ఇళ్లల్లో కుక్కలు అంత భయంకరంగా ఎందుకు తయారవుతాయో కూడా ఇక్కడే ఉంది. అలా అలవాటుగా కట్టేసి ఉంచే కుక్కని కనీసం బయట తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా.

ఇంకో రకం, రెండు కుక్కలున్న ఇంట్లో గేటు బయట వీధి కుక్క వెళ్తుంటే దాని మీదకి పోలేక పక్కనున్న దాని మీద పడిపోతాయి, విడదీయడానికి మధ్యలో చెయ్యి పెట్టిన యజమానికి కాటు. ఆఫీసులో బాస్ మీద కోపం ఇంట్లో చూపించే మనుషులం మనం, ఇది అర్థం కావడం కష్టమేం కాదు. ఈనిన తల్లి పిల్లల దగ్గరికి రానివ్వకపోవడం మాత్రం సహజం, దానికి ట్రైనింగ్ అక్కర్లేదు, దూరంగా ఉంటే చాలు.

స్టెప్ 5: ముందు గొడవలు ఆపండి, ట్రైనింగ్ తర్వాత

కుక్క మొరిగిన ప్రతిసారీ డెలివరీ అబ్బాయి వెళ్లిపోతాడు (వాడి పని అయిపోయింది కాబట్టి), కుక్క మాత్రం "నేను మొరిగితే పోయాడు, పని చేసింది" అనుకుంటుంది. రోజూ మూడుసార్లు ప్రాక్టీస్ అంటే ఏడాదికి వెయ్యి. అందుకే మొదటి పని ఆ ప్రాక్టీస్ ఆపడం. మేం బెల్ తీసేసి ఫోన్ చెయ్యమని కాగితం అంటించాం, తలుపు లోపల పిల్లలకి పెట్టే గేటు బిగించాం, లిఫ్ట్ మానేసి మెట్లు, వాకింగ్ పొద్దున 5.30కి, గేటు చువ్వలకి కింద సగం షేడ్ నెట్ కట్టాం. నాలుగు రోజుల్లోనే ఇల్లు సగం ప్రశాంతం అయింది, ఇంకా ఏ ట్రైనింగూ మొదలెట్టకుండానే.

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వెళ్లిన కుర్రాడు పెంపుడు కుక్క మీదకొస్తే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి కింద పడి చనిపోయాడు. కరవక్కర్లేదు, తలుపు తీసి ఉంటే చాలు. కుక్కని జాగ్రత్తగా ఉంచక మనుషులకి ప్రమాదం తెచ్చిపెడితే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ.

మూతి బుట్ట గురించి కూడా ఇక్కడే చెప్తా. మన ఊళ్లల్లో ఎద్దు పైరు మేయకుండా చిక్కం కడతారు చూశారా, అలాంటిదే, అది శిక్ష కాదు, పని చేసుకోవడానికి ఒక ఏర్పాటు. బుట్టలా ఉండి లోపల కుక్క నోరు తెరిచి వగర్చగలిగేది, నీళ్లు తాగగలిగేది కొనండి. గుడ్డతో మూతి బిగించి కట్టే రకం మన ఎండలకి ప్రమాదం, కుక్క ఒళ్లు చల్లబరుచుకునేదే నాలుక బయటపెట్టి. ఒకేసారి తగిలించకుండా పది పదిహేను రోజులు బుట్టలో తిండి పెట్టి దానంతట అదే మూతి పెట్టేలా అలవాటు చెయ్యండి.

స్టెప్ 6: కొట్టడం, మెడ బిగించడం, "నేనే బాస్" అనడం మానెయ్యండి

ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కాటు కంటే ఆరు నెలల ముందు కాఫీ గాడు ఇంటికొచ్చినవాళ్లని చూసి గుర్రుమంటున్నాడని ఒక ట్రైనర్‌ని పెట్టాం. పేరు వద్దు. ఆయన వచ్చి "మీరు ఆల్ఫా కాలేదు సార్, అందుకే" (ఆల్ఫా అంటే మందకి బాస్) అని స్టీల్ చోక్ చైన్ వేసి గుర్రుమన్న ప్రతిసారీ జెర్క్ ఇచ్చాడు. పది రోజుల్లో గుర్రు ఆగిపోయింది, నేను సంతోషంగా డబ్బులిచ్చా. ఇప్పుడు మొదటి పేరా మళ్లీ చదవండి, "గుర్రు కూడా అనలేదు" అని ఆశ్చర్యపోయాం కదా, అనకుండా నేర్పించింది మేమే. మంట ఆర్పకుండా ఫైర్ అలారం బ్యాటరీ పీకేశాం.

పైగా కుక్క కోణంలోంచి చూడండి, కొత్త మనిషి వస్తాడు, మెడ బిగుసుకుంటుంది, నొప్పి. పది రోజులు అలా జరిగితే కొత్త మనిషంటే నొప్పి అని రుజువైపోయింది. భయం తగ్గలేదు, డబల్ అయింది, లోపలికి పోయింది.

ఆ ఆల్ఫా కథ కూడా ఎక్కడిదో తెలుసుకుంటే నవ్వొస్తుంది. 1947లో షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండ్ జూలో ఒకచోట కుక్కి పెట్టిన తోడేళ్లు కొట్టుకుంటుంటే చూసి ఈ బాస్ కథ రాశాడు. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ 1970లో తన పుస్తకంతో దాన్ని ఇంకా పాపులర్ చేశాడు, తర్వాత కెనడా ఉత్తరాన మంచు దీవిలో అడవి తోడేళ్లని ఏళ్ల తరబడి చూసి, అక్కడ బాసూ లేదు గీసూ లేదు, మంద అంటే అమ్మ నాన్న పిల్లలు ఉన్న కుటుంబం అని 1999లో తనే సరిదిద్దుకున్నాడు. ఆ మాట మన ట్రైనర్ల దాకా ఇంకా రాలేదు. కుక్కని వెల్లకిలా పడేసి నొక్కిపట్టడం లాంటివి చేస్తే మీ మొహం దాని పళ్లకి ఆరంగుళాల దూరంలో ఉంటుంది, నేను చెప్పేది అంతే.

గుర్రుమంటే ఏం చెయ్యాలి మరి? ఆగండి. వెనక్కి తగ్గండి. కుక్క గెలిచినట్టేం కాదు, దేనికి గుర్రుమందో డైరీలో రాసుకుని ఆ పని ఇంకోలా చెయ్యండి.

స్టెప్ 7: భయాన్ని తిరగరాయడం, అంటే దూరం, చికెన్, ఓపిక

పద్ధతి పేరు పెద్దదే కానీ పని చిన్నది. భయపెట్టే వస్తువు కుక్కకి కనిపించాలి కానీ భయం పుట్టేంత దగ్గర ఉండకూడదు, కనిపించిన వెంటనే దానికి ప్రాణమైన తిండి రావాలి, అలా వందసార్లు జరగాలి. పావ్లోవ్ కుక్క కథ బళ్లో చదివాం కదా, తిండికి ముందు రోజూ ఒక చప్పుడు వినిపిస్తే కొన్నాళ్లకి ఆ చప్పుడుకే చొంగ కార్చింది అని, అదే.

మేం చేసింది చెప్తా. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా ఉడకబెట్టిన చికెన్, చిక్కుడు గింజంత ముక్కలు, ఆ చికెన్ ఇంకెప్పుడూ పెట్టం, దీనికే. పక్క ఫ్లాట్ కుర్రాణ్ణి బతిమాలి (రెండు బిర్యానీలకి ఒప్పుకున్నాడు) సెల్లార్‌లో ఆ చివర పిల్లర్ వెనక హెల్మెట్ పెట్టుకుని నిలబడమన్నా. ఈ చివర నేను, కాఫీ గాడు, మెడకి కాకుండా ఛాతీకి వేసే బెల్ట్, వదులు లీష్. మధ్య దూరం ఓ 40 అడుగులు. కుర్రాడు పిల్లర్ పక్కకి వచ్చాడు, కాఫీ గాడు చెవులు ఎత్తాడు, చూశాడు, మొరగలా, ఆ క్షణం నుంచి ముక్క వెంట ముక్క. కుర్రాడు పిల్లర్ వెనక్కి పోయాడు, చికెన్ బంద్. నేను ఆకాశం వైపు చూస్తున్నా. మళ్లీ వచ్చాడు, మళ్లీ చికెన్. ఐదు నిమిషాలు, ఎనిమిదిసార్లు, ఇంటికి.

ఇందులో ఆర్డర్ ముఖ్యం, ముందు హెల్మెట్, తర్వాత చికెన్. నేను మొదటి రోజు తిరగేసి చేశా, ముందే చికెన్ సంచిలో చెయ్యి పెట్టా, దాంతో వాడికి సంచి చప్పుడే ప్రమాద హెచ్చరిక అయి కూర్చుంది, సంచి గలగలమంటే చుట్టూ బిత్తర చూపులు. రెండు రోజులు వేస్ట్.

ఐదో రోజో ఆరో రోజో ఒకటి జరిగింది. హెల్మెట్ కనపడగానే వాడు దాన్ని చూసి, చటుక్కున తల తిప్పి నా మొహంలోకి చూశాడు, నోరు వదులుగా, తోక మెల్లగా ఊపుతూ, "ఏదీ నా ముక్క?" అన్నట్టు. ఆ చూపు వచ్చిందంటే దూరం రెండు మూడు అడుగులు తగ్గించొచ్చు. రాకుండా తగ్గించకూడదు. తిండి ముట్టుకోకపోయినా, చేతి వేళ్లతో పాటు లాక్కుంటున్నట్టు గట్టిగా తీసుకుంటున్నా దగ్గరైపోయామని అర్థం, వెనక్కి పోండి. మాకు 40 అడుగులు 12 అవ్వడానికి రెండున్నర నెలలు పట్టింది, మధ్యలో ఒకరోజు పైన ఎవరో సిలిండర్ ధడేల్మని దింపితే మళ్లీ 30కి పోయాం. మామూలే.

తిండి గిన్నె, పిల్లలు, టపాసులు

గిన్నె దగ్గర గుర్రుమనే కుక్కకి "తింటుండగా చెయ్యి పెట్టి తీసెయ్, అలవాటు పడుతుంది" అని సలహా ఇస్తారు. మీరు భోంచేస్తుంటే ఎవరో రోజూ కంచం లాక్కుంటే మీరు అలవాటు పడతారా, మీద పడతారా? తిరగేసి చెయ్యండి, గిన్నెకి దూరంగా నడుస్తూ వెళ్తూ ఇంకా మంచి ముక్క ఒకటి అటు విసిరి వెళ్లిపోండి. కొన్ని రోజులకి మీ అడుగుల చప్పుడంటే దొంగ కాదు, అన్నం వడ్డించే చెయ్యి అవుతుంది. నోట్లో చెప్పో సాక్సో ఉంటే లాక్కోకుండా చికెన్ ఇచ్చి మార్చుకోండి.

పిల్లల విషయంలో నాకు మొహమాటం లేదు. కుక్క ఎంత మంచిదైనా చిన్న పిల్లల్ని దానితో ఒంటరిగా వదలొద్దు. పిల్లలు మెడ చుట్టూ చేతులేసి మొహానికి మొహం ఆనిస్తారు, మనకి అది ప్రేమ, కుక్కకి ఊపిరాడని పట్టు, కాటు పడేది కూడా సరిగ్గా మొహం మీదే. పడుకున్నప్పుడు, తింటున్నప్పుడు, దాని మూలలో ఉన్నప్పుడు ముట్టుకోకూడదని పిల్లలకి రూల్.

వినాయక నిమజ్జనం డీజేలు, దీపావళి టపాసులు కుక్కలకి నరకం. మనకి 20 వేల హెర్ట్జ్ దాటితే వినపడదు, కుక్కకి దాదాపు 45 వేల దాకా వినపడుతుంది. నెల రోజుల ముందు నుంచే ఫోన్‌లో టపాసుల చప్పుడు అతి చిన్న సౌండ్‌లో పెట్టి తిండి పెడుతూ రోజుకి కొంచెం పెంచుకుంటూ పోవచ్చు. ఆ రోజుల్లో వాకింగ్ చీకటి పడకముందే ముగించి, కిటికీలు లేని గది లేదా మంచం కింద దుప్పట్లతో ఒక గూడు చేసి, ఫ్యానో టీవీయో పెట్టండి. దగ్గరికొచ్చి వణుకుతుంటే ఒళ్లో పెట్టుకోండి, ఓదారిస్తే భయం పెరుగుతుందనేది ఉత్త మాట. మరీ ఎక్కువ భయపడేవాటికి మందులున్నాయి, పండగ రోజు పరిగెత్తకుండా రెండు వారాల ముందే డాక్టర్‌ని కలిసి ఒక మామూలు రోజు డోసు వేసి చూసుకోండి. పాత రకం మత్తు మందుల్లో కొన్ని కుక్కని కదలకుండా చేస్తాయే తప్ప భయం తగ్గించవు, లోపల వణుకుతూ బయటికి చెప్పలేని స్థితి, కాబట్టి "నిద్రపుచ్చే మందు" కాదు, "భయం తగ్గే మందు" కావాలని అడగండి.

కాటు పడితే

వాదనలు తర్వాత. ట్యాప్ కింద సబ్బు పెట్టి పూర్తిగా 15 నిమిషాలు కడగండి, గడియారం చూసి. పసుపు, కారం, సున్నం ఏదీ పూయొద్దు. అదే రోజు ఆసుపత్రికి. మన కుక్కకి ఏటా ఇంజక్షన్ వేయిస్తున్నాం కదా అని మీరే నిర్ణయించుకోకండి, దాని కార్డు తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి. సర్కారు ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, రక్తం వచ్చిన గాయానికి దాంతో పాటు గాయం చుట్టూ ఇంకో ఇంజక్షన్ కూడా ఇస్తారు. మా బావమరిది కార్డు చూపించినా అన్ని డోసులూ వేయించుకున్నాడు, ప్రతి డోసుకీ నాతో టిఫిన్ ఖర్చు పెట్టించాడు.

కాటు లోతుగా ఉన్నా, ఒకటికి మించి కాట్లు వేసినా, ఇంట్లో పసిపిల్లలున్నా ఈ రాసిందంతా చదివి సొంతంగా చేసెయ్యొద్దు. ప్రవర్తన మీద పని చేసే డాక్టర్‌ని, కొట్టని ట్రైనర్‌ని వెతకండి. ట్రైనర్‌ని ఒక్కటే ప్రశ్న అడగండి, "మా వాడు గుర్రుమంటే మీరేం చేస్తారు?" జెర్క్, ఆల్ఫా, షాక్ కాలర్ అనే మాటలు వస్తే కాఫీ తాగించి పంపేయండి. కొన్ని కుక్కలకి ట్రైనింగ్‌తో పాటు రోజూ వేసే మందులు అవసరమవుతాయి, ఫ్లూయాక్సెటిన్ లాంటివి, అవి పని చేయడం కనపడటానికే నెలా నెలన్నర పడుతుంది, అందులో తప్పేం లేదు, మనుషులకి వెయ్యట్లేదా.

కాఫీ గాడికి ఇప్పుడు ఆరేళ్లు దగ్గర పడుతున్నాయి. హెల్మెట్ అంటే ఇప్పటికీ ఇష్టం లేదు, లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే ముందు నా వైపు చూస్తాడు, జేబులో ఏదో ఒకటి ఉండాలి. గుర్రు మళ్లీ వచ్చింది. మొన్న మా బావమరిది వచ్చి సోఫాలో వాడి పక్కన కూర్చోబోతే చిన్నగా గుర్రుమన్నాడు, మా వాడు రెండు చేతులూ పైకెత్తి "సరే సరే, నీదే సోఫా" అంటూ కుర్చీ లాక్కున్నాడు, వాడేమో ముక్కు కాళ్ల మధ్య పెట్టుకుని పడుకున్నాడు.